తల్లి దిష్టి

టీవీ వాళ్ళు వచ్చేసరికి త్రివేణి గరాజ్‌లో కూతురి బూట్లు తోముతోంది. అడుగున మేకుల మధ్య ఇరుక్కున్న ఎర్రమట్టిని పాత టూత్‌బ్రష్‌తో గీకి, తడిగుడ్డతో తుడిచి, లోపల పేపరు ఉండలు కుక్కి ఆరబెట్టడం ఆమెకి ఏళ్ళ తరబడి అలవాటు. తను చేరిన ప్రొఫెషనల్ సాకర్ క్లబ్‌లో ఈ పనికి వేరే మనుషులుంటారనీ, ఇక నువ్వు కడగక్కర్లేదనీ మైత్రి చెప్పింది. అయినా ఎలాగోలా ఒక జత ఇంటికి వస్తూనే ఉంది, త్రివేణి కడుగుతూనే ఉంది.

లోపల ఆమె భర్త ఫణికుమార్ హడావుడి చెప్పనలవి కాదు. ఆఫీస్‌కి లీవ్ పెట్టి పొద్దుటి నుంచి సోఫాని అటూ ఇటూ జరుపుతున్నాడు. మైత్రి ఆరేళ్ళప్పుడు గెలిచిన ప్లాస్టిక్ కప్పు దగ్గర్నుంచి అన్నీ కెమెరాలో పడేలా పేర్చాడు. ఇస్త్రీ చొక్కా మీద మైత్రి ఆడే జట్టు క్యారీ కార్డినల్స్ ఎర్ర జెర్సీ తొడుక్కున్నాడు. దాని వెనక కూతురి నంబరు, పైన ఇంటిపేరు. ఇంటిపేరు ఇద్దరిదీ ఒకటే కాబట్టి వెనక నుంచి చూసేవాళ్ళకి ప్లేయరెవరో తెలియదు, అదీ ఆయన సంబరం. ఆయన తల్లి ఉమామహేశ్వరి తెనాలి నుంచి అమెరికా వచ్చి మూడు నెలలైంది. ఆవిడ పట్టుచీర కట్టుకుని సోఫా మధ్యలో కూర్చుని, టీవీ వాళ్ళు తననెప్పుడు పలకరిస్తారా అని చూస్తోంది.

ఇంత హంగామాకీ కారణం ఒక చిన్న వీడియో. క్లబ్ ప్రాక్టీసులో జాతీయ జట్టుకి ఆడే ఒక డిఫెండర్ కాళ్ళ మధ్య నుంచి బంతిని తోసేసి, ఆవిడ వెనక్కి తిరిగేలోపు గోల్ కొట్టేసింది మైత్రి. పదిహేనేళ్ళ పిల్ల, నోట్లో ఇంకా పళ్ళ క్లిప్పులున్నాయి. ఆ వీడియోని దేశమంతా చూసింది. ఇలాంటి పిల్ల తరానికొకరు పుడతారని టీవీలో ఓ పెద్దాయన తేల్చేశాడు. శనివారం మ్యాచ్‌లో మొదటిసారి దింపుతారేమోనని వార్త పుట్టగానే స్టేడియం టికెట్లన్నీ అయిపోయాయి. మనవాళ్ళ సంగతి వేరే చెప్పాలా? బంతి ఏ ఆకారంలో ఉంటుందో ఎన్నడూ పట్టించుకోని వాట్సాప్ గ్రూపుల్లో ‘మన తెలుగమ్మాయి’ అని మోత మోగింది. ఏ కోచింగ్, ఎన్ని గంటలు, బాదంపప్పు నానబెట్టి పెడతారా, నానబెట్టకుండానా అని త్రివేణి ఫోన్ నిండిపోయింది.

మైత్రిని పెరట్లో ప్రశ్నలడిగి, ఫణికుమార్ చెప్పిన పొడుగాటి జవాబులన్నీ ఓపిగ్గా విని, వ్యాన్ వైపు వెళ్తూ గరాజ్ ముందు ఆగింది రిపోర్టరమ్మాయి కేట్లిన్. నవ్వు మొహం పిల్ల. మట్టి బూటు చేత్తో పట్టుకుని పీట మీద కూర్చున్న తల్లిని చూడగానే ఆ పిల్ల కళ్ళు మెరిశాయి. ఒక్క నిమిషం మాట్లాడొచ్చా అని అడిగింది. కాదనడం త్రివేణికి చేత కాదు.

“మైత్రిలో ఏదో ప్రత్యేకత ఉందని మీకు చిన్నప్పుడే తెలిసిందా?”

త్రివేణి గుండె గుభేలుమంది. కెమెరా భయం కాదు. ఇలాంటి ప్రశ్నకి నిజం చెప్పకూడదని ఆమెకి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు. పిల్ల బొద్దుగా ఉందండీ అని ఎవరన్నా అంటే ఎక్కడండీ, నాలుగు ముద్దలు తినదు అనాలి. బాగా చదువుతుందటగా అంటే ఏం చదువులెండి, పుస్తకం ముట్టదు అనాలి. పిల్లలో ఏది అన్నిటికంటే బాగుంటే ముందు దాన్నే లేదనాలి. నరుడి కంటికి నాపరాళ్ళే పగులుతాయంటారు. అందులోనూ తల్లి కన్ను మరీ చెడ్డది, ప్రేమ ఎక్కువ కాబట్టి దిష్టీ ఎక్కువే. అందుకే మైత్రి బంతి ముట్టుకున్న మొదటి రోజు నుంచీ ప్రతి మ్యాచ్‌కి ముందు అరికాల్లో కాటుక చుక్క పెట్టి, పైన సాక్స్ తొడిగించి పంపిస్తోంది.

“అబ్బే, ప్రత్యేకత ఏం లేదండీ,” అంది త్రివేణి తనకొచ్చిన ఇంగ్లీషులో. “మహా బద్ధకం. పొద్దున్నే లేపడానికి నా తలప్రాణం తోకకొస్తుంది. ఎడమ కాలు అసలు పనే చెయ్యదు. ఏదో అదృష్టం, అంతే.”

కేట్లిన్ కనుబొమలు పైకి లేచాయి. “అయితే ఆ వయసు వాళ్ళలో మీ అమ్మాయే బాగా ఆడుతుందని మీరు అనుకోవడం లేదా?”

“కాకి పిల్ల కాకికి ముద్దు,” అంది త్రివేణి నవ్వుతూ. మాటకి మాట ఇంగ్లీషులోకి దింపింది. దింపాక అది కాస్త ఎబ్బెట్టుగా వినిపించింది గానీ, అప్పటికే కెమెరా అతను లెన్స్ తిప్పుతున్నాడు.

కేట్లిన్ ఆమె తడి చేతిని పట్టుకుని మరీ థాంక్స్ చెప్పింది. వ్యాన్ మలుపు తిరిగి కనుమరుగయ్యాక త్రివేణి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. దేశమంతా చూసే టీవీలో కూడా పిల్లకి దిష్టి తగలకుండా గట్టెక్కించానని ఆమె ధీమా. లోపల ఉమామహేశ్వరి మాత్రం పట్టుచీర మడతపెడుతూ, “అంత సేపు కూర్చున్నాను, ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు,” అని సణుగుతోంది.

*

మర్నాడు త్రివేణి ల్యాబ్‌లో ఉంది. ఆమె పనిచేసేది మందుల కంపెనీలో. మాత్రలు ఎంతసేపట్లో కరుగుతాయో చూడడం ఆమె ఉద్యోగం. గాజు పాత్రల్లో మాత్రలు వేసి కళ్ళార్పకుండా చూస్తుంటే పక్క బల్ల దగ్గరుండే డేనా వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగింది. ఎవరైనా పోతే పలకరించే గొంతు అది.

అప్పుడు చూసింది త్రివేణి ఫోన్‌లో. ‘బద్ధకం, అదృష్టం: సొంత తల్లే నమ్మని ప్రాడిజీ’ అని హెడ్‌లైన్. దాని కింద తనే, చేతిలో మట్టి బూటుతో, నవ్వుతూ, ఎడమ కాలు పనే చెయ్యదని చెబుతోంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆటల షో నడిపే ఇద్దరు మగవాళ్ళు, మా అమ్మ నన్ను కాకి అంటే నేనైతే ఆటే మానేసేవాణ్ణి అని పకపకా నవ్వుతున్నారు. ఇంకో చోట పిల్లల మనస్తత్వ నిపుణురాలట, ఇలాంటి ఇళ్ళలో పెరిగిన పిల్లలకి జీవితాంతం మిగిలే గాయాల గురించి చెబుతోంది. తెలుగు చానెల్ మాత్రం ఊరుకుంటుందా? ‘కన్నకూతుర్ని కాకి అన్న తల్లి! అసలేం జరిగింది?’ అని త్రివేణి బొమ్మ పక్కన నిజంగానే ఒక కాకిని పెట్టారు.

గ్లవ్స్ విప్పి కారిడార్‌లోకి వస్తుండగానే రేణు ఫోన్. రేణుది వరంగల్, ఇక్కడ ఇద్దరి ఇళ్ళూ ఒకే సందులో.

“గట్లెందుకన్నవక్కా కెమెరా ముంగట? మనోళ్ళ ముంగట అంటే నడుస్తది. గీ అమెరికోళ్ళకు ఏం సమజైతది?”

“దిష్టి తగుల్తుందని అన్నానే.”

“నాకు తెల్వదా? మా బిడ్డ సాన్విని నేను గూడ రోజు మొద్దు అనే అంట గదా. అది సరే గని, మైత్రి చూసిందా?”

చూడకుండా ఎలా ఉంటుంది? ఆ వయసు పిల్లల చేతిలో అన్నం ముద్ద లేకపోయినా ఫోన్ ఉంటుంది.

సాయంత్రం ప్రాక్టీస్ నుంచి తీసుకురావడానికి వెళ్తే మైత్రి వచ్చి కార్‌లో కూర్చుంది. మామూలుగా సీట్లో పడీ పడగానే ఆకలి అంటుంది. డబ్బాలో పులిహోర ఉంది, మూత తియ్యలేదు. హైవే ఎక్కాక కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది.

“అమ్మా, నా లెఫ్ట్ ఫుట్ పని చెయ్యదా?”

“ఎందుకు చెయ్యదే? నాకు తెలీదా? రోజూ గరాజ్ డోర్‌కేసి కొడుతుంటే వింటూనే ఉన్నాగా.”

“దెన్ వై? టీవీలో ఎందుకు అలా చెప్పావ్?”

“దిష్టి తగలకూడదని.”

“ఎవరి దిష్టి?”

“అందరిదీ.” త్రివేణి అద్దంలోకి చూసి లేన్ మారింది. “ముందు నాది.”

మైత్రి ఇటు తిరిగింది. “నీ దిష్టి నాకు తగుల్తుందా? నువ్వు నన్ను హేట్ చేస్తేనా?”

“ఛ, అవేం మాటలే. మెచ్చుకుంటే తగుల్తుంది.”

అనేశాక త్రివేణికే అనిపించింది, చెప్పే కొద్దీ చిక్కుముడి పడుతోందని. మన ఊళ్ళో ఎవరికీ వివరించనక్కర్లేని సంగతి ఈ పిల్లకి ఏ వైపు నుంచి మొదలుపెట్టి చెప్పాలో ఆమెకి తెలియలేదు.

“టీమ్‌లో అందరి మామ్స్ ఐ యామ్ ప్రౌడ్ ఆఫ్ యూ అంటారు,” అంది మైత్రి. గొంతులో కోపం లేదు, అందుకే భయమేసింది త్రివేణికి. “ఫైవ్ జీరో ఓడిపోయినా అంటారు. నువ్వు ఒక్కసారి కూడా అనలేదు. ఇట్స్ ఓకే, నువ్వు లోపల అనుకుంటావ్, బయటికి చెప్పవ్ అనుకున్నా. బట్ ఇప్పుడు టీవీలో విన్నా కదా. మే బీ నువ్వు లోపల కూడా అనుకోవు.”

ఆ సాయంత్రం త్రివేణి కూర తిరగమోత వేస్తూ చాలాసేపు చెవులు రిక్కించింది. రోజూ ఈ వేళకి గరాజ్ డోర్ మీద ధబ్, ధబ్ అని మోగుతుంది. కుడి కాలి చప్పుడు ఒక రకం, ఎడమ కాలి చప్పుడు ఒక రకం. ఎడమది మొదట్లో మెత్తగా ఉండేది, నాలుగేళ్ళు మోగీ మోగీ కుడిదాన్ని మించిపోయింది. తలుపంతా సొట్టలే. బాగుచేయించమని ఫణికుమార్ ఎన్నిసార్లన్నా త్రివేణి ఒప్పుకోలేదు. ఆ రోజు మాత్రం తలుపు మోగలేదు. కూర అడుగంటింది.

*

శుక్రవారం పొద్దున ఫణికుమార్ డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ప్రకటన తయారు చేస్తున్నాడు. కుటుంబం తరఫున అని మొదలుపెట్టి, సంస్కృతి సంప్రదాయాలు అనే దాకా వచ్చి ఆగిపోయాడు. ఉమామహేశ్వరి పెసరట్టు తిరగేస్తోంది. మైత్రి స్కూల్‌కి వెళ్ళిపోయింది, నాన్నమ్మ పెట్టిన అట్టు సగంలో వదిలేసి.

“దిష్టికి ఇంగ్లీషేమిటి త్రివేణీ? ఈవిల్ ఐ అంటే మరీ మంత్రాలూ తంత్రాలూ అనుకుంటారు.”

“ప్రకటనలేం వద్దండీ. ఇంకో కాకిని తెచ్చి పెడతారు.”

“ఇంతకీ నీ తప్పేముంది? తల్లులందరూ అంతేగా.” ఫణికుమార్ పొయ్యి వైపు తిరిగాడు. “ఏమ్మా, నన్నెప్పుడన్నా మెచ్చుకున్నావా నువ్వు?”

“ఎందుకు మెచ్చుకుంటానురా? నా నోటితో నేనే నీకు దిష్టి పెడతానా?”

“ఎంసెట్‌లో ర్యాంక్ వస్తే, ఈసారి పేపర్ తేలిగ్గా ఇచ్చార్ట అన్నావు.”

“తేలిగ్గా ఇచ్చారో కష్టంగా ఇచ్చారో నాకేం తెలుసురా! పక్కింటావిడ గోడ మీంచి వింటోందని అన్నాను.” ఆవిడ అట్టు తీసి కొడుకు పళ్ళెంలో వేసింది. “ఇప్పుడేం, బానే ఉన్నావుగా. జుట్టు తప్ప అన్నీ ఉన్నాయి.”

“బానే ఉన్నాన్లే,” అని నవ్వాడు ఫణికుమార్. త్రివేణీ నవ్వింది. 

టిఫిన్ ప్లేట్లు సింక్‌లో వేసి వస్తుంటే మెట్ల దగ్గర మాట వినిపించింది. ఫణికుమార్ కింది మెట్టు మీద కూర్చుని, ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని, మైత్రి వీడియో కింద జనం రాసినవి గొణుక్కుంటూ చదువుకుంటున్నాడు. ఒహాయో నుంచి ఎవరో రాశారు, ఈ పిల్ల తల్లిదండ్రులు ఎంత గొప్పవాళ్ళో అని. అది చదివి ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. బట్టతల మీద చెయ్యి వేసుకుని మూడోసారీ చదివాడు.

త్రివేణి అక్కడే నిలబడిపోయింది. ఈయన ఈ గోలంతా ఎందుకు నెత్తికెత్తుకున్నాడా అని ఇన్నాళ్ళూ విసుక్కుంది. సోఫాలు జరిపినందుకు, జెర్సీ తొడిగినందుకు దెప్పింది. ఇప్పుడు చూస్తే ఆ మనిషి, ఇంట్లో ఎవ్వరూ ఒక్క మాట అననందుకు, ముక్కూ మొహం తెలియని ఒహాయో వాడు విదిల్చిన మాటని ఏరుకుంటున్నాడు. రేపు మైత్రికి ఇంత వయసొచ్చాక ఏ మెట్టు మీద కూర్చుంటుంది? ఎవరి మాట ఏరుకుంటుంది?

దగ్గరికి వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. “ఆ కప్పులన్నీ బాగా పేర్చారు,” అంది. ఫణికుమార్ అనుమానంగా తలెత్తి చూశాడు. ఏమన్నా పని చెప్పబోతోందేమో అనుకున్నాడు.

ఆ క్షణానే నిర్ణయించుకుంది త్రివేణి. రేపు మైత్రికి చెప్పాలి. దిష్టి తగిలితే తగలనీ, ఉప్పు తిప్పి పోసుకోవచ్చు, ఎండుమిరపకాయలు కాల్చొచ్చు. అయితే మ్యాచ్‌కి ముందు చెప్తే ఏ మోకాలికో తగిలితే? వద్దు, ఆట అయ్యాక చెప్పాలి. ఎంత గుండె చిక్కబట్టుకున్నా ఆ మాత్రం జాగ్రత్త ఆమె వదల్లేదు. చపాతీ పిండి కలుపుతూ ‘బాగా ఆడావు’ అని పిండితో అని చూసింది. పిండితోనే గొంతు పెగల్లేదు. పిల్లతో ఎలా పెగులుతుందో దేవుడికే తెలియాలి.

*

శనివారం మధ్యాహ్నం మైత్రి గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుని సాక్స్ తొడుక్కుంటోంది. త్రివేణి కాటుక భరిణె తెచ్చి ఎప్పట్లాగే ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చూపుడు వేలితో కాటుక తీసి చెయ్యి చాపింది.

మైత్రి కాలు వెనక్కి లాక్కుంది.

“వద్దమ్మా,” అంది. విసురుగా అనలేదు. “ఇంక వద్దు.”

సాక్స్ పైకి లాక్కుని, బ్యాగ్ భుజానికి తగిలించుకుని కార్ దగ్గరికి నడిచింది. త్రివేణి వేలు గాల్లోనే ఉంది. కాటుకని ఏం చెయ్యాలో తోచలేదు. ఆఖరికి తన అరికాలికే రాసుకుని, చెప్పులేసుకుని, తాళాలు తీసుకుంది.

ఫణికుమార్, ఉమామహేశ్వరి వెనక ఇంకో కారులో వస్తున్నారు. రెడ్ సిగ్నల్ దగ్గర త్రివేణి నోరు తెరిచింది, ఆట ఇంకా అవలేదని గుర్తొచ్చి మూసుకుంది. ఇంకో సిగ్నల్ దగ్గరా అదే పని. ప్లేయర్ల గేట్ దగ్గర దించి, “జాగ్రత్త,” అని మాత్రం అంది. మైత్రి డోర్ పట్టుకుని ఒక క్షణం తల్లి మొహంలోకి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

స్టేడియంలోకి అడుగుపెట్టగానే ఉమామహేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎక్కడ చూసినా కాకులే. కార్డినల్స్ జట్టు గుర్తు ఎర్రపిట్ట, జెండాలన్నీ ఎర్రవే. వాటి మధ్యలో జనం నల్ల కాగితాలు కత్తిరించి కర్రలకి అతికించుకొచ్చారు. ఒకాయన పసిపిల్లకి రెక్కలున్న నల్ల చొక్కా తొడిగి భుజాల మీద ఎక్కించుకున్నాడు. వరసలకి వరసలు కూడబలుక్కుని “కా! కా!” అని అరుస్తున్నాయి.

“ఇదేం చోద్యమే! తద్దినానికి పిలిచినట్టు కాకుల్ని పిలుస్తున్నారు!”

“వాళ్ళ ముద్దు అదమ్మా,” అన్నాడు ఫణికుమార్. “కాకి పిల్ల అందరికీ ముద్దొచ్చింది. అయినా నల్లవేగా, దిష్టి కూడా తగలదు.”

ఉమామహేశ్వరి కాసేపు ఆలోచించింది. “అదీ నిజమే,” అంది. ఇంకాసేపటికి, ఎవరూ చూడకుండా, తనూ చిన్నగా “కా” అంది. ఆవిడ కూడా మళ్ళీ అదే పట్టుచీర కట్టుకొచ్చింది.

మైత్రి బెంచీ మీదే ఉంది. కెమెరాలన్నీ ఆట వదిలేసి బెంచీనే చూస్తున్నాయి. పిల్ల నీళ్ళు తాగితే పెద్ద తెర మీద వేశారు, ముక్కు తుడుచుకుంటే వేశారు. అవతలి జట్టు ఒక గోల్ కొట్టింది. జనం గోల పెట్టగా పెట్టగా, ఆట చివరికొస్తుండగా కోచ్ మైత్రి భుజం తట్టింది. పిల్ల లేచి జాకెట్ విప్పేసరికి కాకుల అరుపులతో స్టేడియం అదిరిపోయింది. పెద్ద పెద్ద ఆడవాళ్ళ మధ్య ఆ సన్నటి కాళ్ళు చూస్తే త్రివేణికి ఏడుపొచ్చింది.

మొదటి బంతి మైత్రి కాలికి తగిలి జారి గీత దాటిపోయింది. అయ్యో అన్నారు అందరూ. ముందు వరసలో ఎవరో, వాళ్ళమ్మ చెప్పింది నిజమే అని నవ్వారు. త్రివేణి చెప్పు లోపల కాలి వేళ్ళు ముడుచుకుంది. తగిలేది తనకే తగలనీ, చుక్క ఎలాగూ తన కాలికే ఉంది అనుకుంది.

రెండోసారి బంతి ఎడమ వైపు గీత పక్కన దొరికింది. ఎదురుగా పొడుగాటి జడ డిఫెండర్. ఆవిడ నిలబడ్డ తీరు చూసి త్రివేణి సీట్లో ముందుకి జరిగింది. కుడి వైపంతా మూసేసి, ఎడమ వైపు తలుపు తీసినట్టు వదిలేసింది. ఆ జడ పిల్ల కూడా వీడియో చూసినట్టుంది. ఎడమ కాలు పనే చెయ్యదని కన్నతల్లే చెప్పాక ఎవరు మాత్రం అటు కాపలా కాస్తారు?

మైత్రి కుడికి ఒరిగినట్టు ఒరిగి, ఎడమకి దూసుకుపోయి, ఎడమ కాలితో కొట్టింది. ఆ చప్పుడు అంత గోలలోనూ త్రివేణి చెవిన పడింది. గరాజ్ డోర్ చప్పుడే. బంతి జడ పిల్ల తల మీంచి వంపు తిరిగి, పరిగెత్తుకొస్తున్న కార్డినల్స్ కెప్టెన్ నుదుటికి సరిగ్గా అందింది. గోల్.

తరవాత ఎవరు ఎవర్ని కావలించుకున్నారో తెలియదు. ఉమామహేశ్వరి పక్కనున్న తెల్లావిణ్ణి కావలించుకుంది. ఫణికుమార్ ఏడుస్తూ, తను ఏడుస్తున్నట్టు తనకే తెలియక చప్పట్లు కొడుతున్నాడు. ఆట సరిసమానంగా ముగిసింది. గెలవలేదు గానీ స్టేడియంలో ఎవరికీ ఆ సంగతి పట్టలేదు.

జనం దిగుతుండగానే ఫణికుమార్ ఫోన్ మోగడం మొదలైంది. “త్రివేణీ, వాళ్ళేమంటున్నారో చూడు! అవతలి జట్టుని బోల్తా కొట్టించడానికి నువ్వు కావాలనే అలా చెప్పావట. జీనియస్ మామ్ అట!” మొన్న పగలబడి నవ్విన ఆ హెడ్‌ఫోన్ల జంటే ఇప్పుడు ఆమె తెలివికి దండం పెడుతోంది. కేట్లిన్ మైక్ పట్టుకుని మెట్ల మీద పరిగెత్తుకొచ్చింది. 

“నిజం చెప్పండి, ఇదంతా ముందే వేసుకున్న పథకమా?”

త్రివేణి ఆ నవ్వు మొహం వైపు చూసింది. పాపం పిల్ల, చెడ్డది కాదు. విన్నది విన్నట్టు నమ్మింది, అంతే. కానీ ఈ రోజు చెప్పవలసిన మాట ఒకటే ఉంది, అది ఈ మైక్‌లో చెప్పేది కాదు.

“మా అత్తగారిని అడగండి,” అంది ఉమామహేశ్వరిని ముందుకి జరిపి. “అన్నీ ఆవిడకే తెలుసు. మా ఆయన ఇంగ్లీషులో చెప్తారు.”

ఉమామహేశ్వరి పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంది. ఆవిడ మొదలుపెడితే ఇప్పట్లో వదలదు. త్రివేణి మెల్లిగా జారుకుంది.

కార్ ప్లేయర్ల గేట్ దగ్గర పెట్టుకుని ఎదురుచూసింది. మైత్రి తడి జుట్టుతో, సాక్స్ మీద చెప్పులేసుకుని వచ్చి కూర్చుంది. త్రివేణి కార్ స్టార్ట్ చెయ్యలేదు. స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుంది. పిండితో కూడా పెగలని మాటని మైత్రి తిరిగి చూసే లోపల కళ్ళు మూసుకుని అనేసింది.

“బాగా ఆడావే. చాలా బాగా ఆడావు.” ఆ తరవాత ఇక ఆగలేదు. “ఇవాళ ఒక్క రోజు కాదు. ఆ ప్లాస్టిక్ కప్పు నాడు కూడా బాగా ఆడావు. నీ ఎడమ కాలంత మంచి కాలు నేనెక్కడా చూళ్ళేదు. లోపల నేను ఎప్పుడూ అదే అనుకుంటాను. రోజూ అనుకుంటాను.”

కళ్ళు తెరిచింది. మైత్రి వంగి, ఎడమ కాలి చెప్పు వదిలేసి, సాక్స్ లాగి, కాలెత్తి డ్యాష్‌బోర్డ్ మీద పెట్టింది. అరికాల్లో నల్లటి చుక్క. చుక్క కూడా కాదు, కాఫీ గ్లాసు అడుగంత ఉంది. వంకరటింకరగా, అంచులు గీతలు పోయి, అద్దంలో చూసి తన కాలికి తను పెట్టుకున్నట్టు.

“ఇదెక్కడిదే?”

“కిట్ రూమ్‌లో ఆంటీ దగ్గర మార్కర్ తీసుకున్నా. పర్మనెంట్. షవర్‌కి కూడా పోలేదు.”

“వద్దన్నావుగా?”

“వద్దనే అనుకున్నా. బట్ సిగ్నల్ దగ్గర నువ్వు ఫిష్‌లా నోరు తెరిచి మూశావ్. టూ టైమ్స్.” మైత్రి నవ్వు ఆపుకుంటోంది, పళ్ళ క్లిప్పులు కనిపిస్తున్నాయి. “ఇవాళ అనేస్తావ్ అని తెలిసిపోయింది. సో లోపలికి వెళ్ళగానే పెట్టుకున్నా. ఎందుకు అని ఆంటీ అడిగింది. మా అమ్మ ఇవాళ నన్ను మెచ్చుకుంటుంది, సేఫ్టీకి అని చెప్పా.”

త్రివేణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ పాదాన్ని దగ్గరికి లాక్కుని బొటనవేలితో చుక్కని రుద్ది చూసింది. చెదరలేదు. తన కాటుకకంటే గట్టిది.

మైత్రి కాలు తల్లి చేతుల్లోనే వదిలేసి, సీటు వెనక్కి వాల్చి, హాయిగా చేరగిలబడింది.

“ఊఁ, ఇంకా చెప్పు,” అంది. “పెద్దదే పెట్టుకున్నాను.”